సుద్దకొండ మీద మోకాళ్ళ గుంటలు

అనగనగా తెల్లటి సుద్దకొండ, ఆ కొండ కింద ఒక ఊరు, ఆ ఊళ్ళో గవరమ్మ అనే కోడలు. ఏటా ఇళ్ళకు వెల్ల వేయడానికి ఆడవాళ్ళు కొండ పాదాన సుద్ద తవ్వుకునేవారు. తవ్వుతుండగా పాతకాలపు కుండపెంకు తగిలిందా, పార అక్కడే ఆగాలి. పెంకు మీద మన్ను కప్పి, "మీ ఇంట్లో కాలు పెట్టాం, తప్పయిపోయింది తల్లీ" అని వెనక్కి రావాలి. అది అత్తగారు గవరమ్మకు నేర్పిన మర్యాద. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి.

ఇంతలో ఆ దేశపు రాజుగారికి తన కోట తెల్లగా మెరిసిపోవాలనిపించింది. కోటకు వెల్ల కావాలి, వెల్లకు సుద్ద కావాలి, సుద్దకు కొండ కావాలి. కొండకేం కావాలో అడిగిన నాథుడు లేడు! మంత్రిగారు పల్లకీ దిగకుండానే కొండను పరిశీలించి, ఇక్కడ ఎన్నడూ ఎవరూ కాపురం ఉండలేదు, మొత్తం తవ్వేయవచ్చునని తేల్చేశారు. ఎవరూ లేరట! విన్నారా ఆ మాట?

గవరమ్మకు ఒళ్ళు మండిపోయింది. తవ్వకం మొదలయ్యే రోజున రాజుగారు తల్లిగారితో, మంత్రిగారితో సహా కొండ మీదికి వచ్చారు. గవరమ్మ చాటెడు జొన్నలు పట్టుకుని గబగబా కొండెక్కి, పైనున్న నున్నటి బండ నడుమ గుంటలో పోసింది.

"ఏమమ్మా, పిట్టలకు మేతా?" అన్నారు మంత్రిగారు.

"ఈ బండకు ఇంత గుంట ఎలా పడిందంటారు, బాబూ?"

"వానకు."

"మరి దాని ముందున్న ఈ రెండు చిన్న గుంటల సంగతేమిటి? వానకు మోకాళ్ళు కూడా ఉంటాయా?"

జనం గొల్లుమన్నారు. రాజుగారి తల్లి నవ్వలేదు. పట్టుచీరతోనే ఆ బండ ముందు కూర్చున్నారు. ఆవిడ మోకాళ్ళు ఆ రెండు గుంటల్లో చక్కగా అమరాయి. పుట్టింట్లో అలవాటైన పనే కదా, పక్కనున్న గుండ్రాయి అందుకుని నూరితే జొన్నలు పిండయ్యాయి. ఆవిడ మాత్రం లేవలేదు.

"రాతికి గుంట పడాలంటే ఎందరు తల్లులు ఎన్నేళ్ళు ఇక్కడ కూర్చున్నారో! వాళ్ళందరినీ నీ మంత్రి లేరు పొమ్మన్నాడు. తవ్వు నాయనా, ముందు నన్ను తవ్వు."

రాజుగారు తల వంచుకుని పారలు వెనక్కి పంపేశారు. మిగిలిన జొన్నలు మంత్రిగారి చేత నూరించారు. ఆయన మోకాళ్ళకు ఆ గుంటలు ఎంతకీ కుదరలేదనుకోండి! ఆ పిండితో గవరమ్మ కాల్చిన రొట్టెలు అందరూ కలిసి తిన్నారు. కోటకు ముందుగోడ వరకే వెల్ల పడింది. వెనకగోడ మట్టిరంగున ఉండిపోతే ఎవరికీ అన్నం అరగకపోలేదు.

అందుకే పిల్లలూ, ఎక్కడికి వెళ్ళినా పార పట్టే ముందు కిందికి చూడండి. మనకన్నా ముందు వచ్చినవాళ్ళు ఉంటారు.

కథ కొండ దిగి కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి.