చిలకకు బదులు చుక్కానులు

ఊఁ కొడతారా, కొట్టరా? కొట్టకపోతే నేను చెప్పను. అదీ, అలా రండి దారికి.

అనగనగా ఏటికి ఈవలి ఒడ్డున భీమకేతుడని ఒక రాజు. ఆవలి ఒడ్డున రణాంకుడని ఇంకో రాజు. ఇద్దరికీ క్షణం పడదు. నడుమ ఏట్లో తిప్పలంక. ఆ లంకని ఒక మాంత్రికుడు పట్టుకుని జనాన్ని పీల్చి పిప్పి చేస్తున్నాడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంది. భీమకేతుడి పెద్దకొడుకు వెళ్ళాడు, భయపడి వచ్చేశాడు. రెండోవాడు వెళ్ళాడు, భయపడి వచ్చేశాడు. మూడోవాడు మణిమంతుడు వెళ్ళాడు, ఒక నీటికుక్క సాయంతో చిలకని పంజరంలో పెట్టి తెచ్చాడు. అంతే, మాంత్రికుడు తడిగుడ్డలా చతికిలబడ్డాడు. పంజరం తలుపు తీస్తే మాత్రం లేస్తాడు, లేచి ముందు మణిమంతుణ్ణే చంపుతాడు. చిలకని చంపెయ్యొచ్చుగా అంటారా? శరణన్న పిట్టని ఎవరైనా చంపుతారుట్రా!

లంక పెద్ద తిరుపమ్మ రాజులిద్దర్నీ లంకకి పిలిచింది. "బాబూ, మీకో దణ్ణం. మా లంక మేమే ఏలుకుంటాం. లంక చుట్టూ నిలిపిన మీ యుద్ధపడవలు తీసెయ్యండి" అంది. ఇద్దరూ సరేనన్నారు. అని, ఒక్క పడవైనా కదిపారా! "ముందు అతణ్ణి తీయమను" అని ఈయన, "ముందు అతణ్ణే తీయమను" అని ఆయన.

తిరుపమ్మకి ఒళ్ళు మండింది. "మా లంకలో ఇరుగూపొరుగూ తగువాడుకుంటే ఏం చేస్తారో తెలుసా? ఏది లేకపోతే తమకి తెల్లారదో అది అవతలివాళ్ళింట్లో పెడతారు. వానాకాలం వెళ్ళాక తెచ్చుకుంటారు. మీరూ పెట్టండి."

భీమకేతుడు కిరీటం తీశాడు. "ఇది పోతే ఇంకోటి చేయించుకుంటావు" అంది తిరుపమ్మ. పట్టపుటేనుగుని ఇస్తానన్నాడు. "అది పోతే ఇంకోటి పట్టించుకుంటావు" అంది. అప్పుడు మణిమంతుడు లేచి, చిలక పంజరం తీసుకెళ్ళి రణాంకుడి చేతిలో పెట్టేశాడు!

అమ్మ బాబోయ్! సభంతా కొయ్యబారిపోయింది. భీమకేతుడు గబుక్కున లేచి కొడుకు చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే, అది నీ ప్రాణంరా! కొంప ముంచావు కదరా!"

"మనం ఇవ్వకపోతే ఆయన మాత్రం ఎందుకిస్తారు, నాన్నగారూ?"

రణాంకుడు పంజరాన్ని పదిలంగా పక్కన పెట్టాడు. తన పడవల చుక్కానులన్నీ ఊడదీయించి భీమకేతుడికి అప్పగించాడు. చుక్కాని లేని పడవ ఏట్లో ఎటు పోతుంది? అది చూసి భీమకేతుడూ తన పడవల్ని ఒడ్డెక్కించాడు.

వానలు కురిశాయి, వెలిశాయి. లంకవాళ్ళు తిరుపమ్మనే తమ పెద్దగా ఎన్నుకున్నారు. ఇచ్చినవి తిరిగిచ్చే రోజు అందరూ మళ్ళీ లంకలో కలిశారు. రణాంకుడి పడవని లంకవాళ్ళే తాళ్ళు కట్టి లాక్కొచ్చారు.

పంజరం తలుపు వేసింది వేసినట్టే ఉంది. చిలక మాత్రం బాగా బలిసింది. "తలుపు తియ్యి, రెండు ఒడ్లూ లంకా నీకే ఇప్పిస్తానని ఈ రాజుని ఎంత బతిమాలానో! వింటేనా! మొండిఘటం!" అని అరిచింది.

చుక్కానులూ వచ్చాయి. చూస్తే, రణాంకుడు స్వయంగా ఎక్కే పడవది లేదు! మణిమంతుడు తండ్రివైపు తిరిగాడు.

"నాన్నగారూ?"

భీమకేతుడు తలొంచుకున్నాడు. "నీ ప్రాణం అతని చేతిలో ఉంటే నాకు కంటిమీద కునుకు లేదురా. భయమేసి పొయ్యిలో పెట్టించేశాను."

ఇక యుద్ధమే అనుకున్నారు అందరూ. భీమకేతుడు గబగబా రేవులోకి దిగాడు. మోకాల్లోతు నీళ్ళలో నిలబడి, తన సొంత పడవ చుక్కాని తన చేత్తోనే ఊడబీకి తెచ్చి రణాంకుడి ముందు పెట్టాడు.

"తప్పు నాది" అన్నాడు.

రణాంకుడు ఆ చుక్కాని అందుకున్నాడు. దాన్ని తన పడవకి బిగించుకున్నాడు. చుక్కాని లేని పడవ పక్కన దిక్కుతోచక నిలబడ్డ భీమకేతుడికేసి చూశాడు.

"ఎక్కండి బావగారూ, మిమ్మల్ని మీ ఒడ్డున దింపుతాను."

"బావగారా?!"

"మా అమ్మాయి కువలయ వానాకాలమంతా ఆ చిలకకి జామపళ్ళు పెట్టి మీవాడి కబుర్లే చెప్పించుకుంది. చేసుకుంటే అతన్నే చేసుకుంటానంటోంది."

మణిమంతుడు నాన్నకంటే ముందే రణాంకుడి పడవెక్కేశాడు!

పెళ్ళి లంకలోనే చేశారు. చిలకని తిరుపమ్మకి అప్పగించారు. ఒడ్లని రాజులు కలకాలం చల్లగా ఏలుకున్నారు, లంకని లంకవాళ్ళే ఏలుకున్నారు. ఇప్పటికీ అక్కడికి ఎవరి పడవ వచ్చినా, రాజుదైనా సరే, చుక్కాని తీసి రేవులో అప్పగించాకే కాలు కింద పెట్టాలట.