వానకోయిల వదిలిన గూడు

సన్యాసం పుచ్చుకుంటానని భూషణం మఠంలో పట్టుపట్టి కూర్చున్నాడు. ఇంటి దగ్గర భార్య సుభద్ర ఉంది, నెలల పాప ఉంది. మామగారు వచ్చి బతిమాలారు, తిట్టారు, చివరికి కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు. భూషణం చలించలేదు. చలించకపోవడమే వైరాగ్యమని అతగాడి నమ్మకం.

ఆ మఠంలో సన్యాసం కోరినవాడు తన బట్ట తనే కావిరంగులో ముంచి ఆరేసుకోవాలి. గురువు దాన్ని స్వయంగా భుజాన కప్పితే సన్యాసం ఇచ్చినట్టు. భూషణం బట్ట ఎప్పుడో ఆరిపోయింది. గురువు పూర్ణబోధస్వామి మాత్రం ఉలకరు, పలకరు.

ఒకనాటి పొద్దున భూషణం పరుగున వచ్చాడు.

"స్వామీ, వసారా చూరు కింద గూడు కట్టిన వానకోయిల వెళ్ళిపోయింది! ఎంత కష్టపడింది! మట్టిముద్దలు ముక్కున పట్టుకొచ్చి కట్టుకుంది. ఇప్పుడు వెనక్కి తిరిగైనా చూడలేదు. నేనూ అలాగే వచ్చేశాను కదా. ఇంకా ఆలస్యం ఎందుకు?"

స్వామివారి కళ్ళు మెరిశాయి.

"అలాగా! ఎందుకు వెళ్ళిందంటావ్?"

"బంధం తెంచుకుని, స్వామీ."

"ఏమో, చూస్తే పోలా? ఆ గూట్లో ఏముంటుందో చూడాలని నాకూ ఎప్పట్నుంచో ఉంది. నిచ్చెన పట్రా."

నిచ్చెన జారకుండా స్వామివారే పట్టుకున్నారు. భూషణం ఎక్కి గూట్లో చెయ్యి పెట్టాడు.

"ఏముంది, ఏముంది?" చిన్నపిల్లాడిలా తొందరపడ్డారు స్వామి.

"ఈకలు స్వామీ. మెత్తగా పక్క పరిచినట్టు పరిచింది."

"గుడ్లో?"

"లేవు స్వామీ."

"ఒక్కటీ మిగల్లేదూ? మూలల్లో సరిగ్గా తడుము."

"లేదు స్వామీ, ఒక్కటీ లేదు."

"మరి పిల్లలు?"

"రెక్కలొచ్చి ఎగిరిపోయినట్టున్నాయి. అవి వెళ్ళాకే తల్లి..." అంటూ ఆగిపోయాడు భూషణం. చెయ్యి ఇంకా గూట్లోనే ఉంది.

స్వామివారు నిచ్చెన వదల్లేదు. తలెత్తి మెల్లగా అడిగారు.

"మీ పాపకి పళ్ళొచ్చాయా నాయనా?"

కూతురికి పళ్ళొచ్చాయో లేదో భూషణానికి నిజంగానే తెలియదు.

కిందికి దిగి గురువుగారి కాళ్ళకు మొక్కాడు. సిగ్గుతో తల ఎత్తలేక నేల చూస్తూ అడిగాడు.

"మా ఊరి బస్సు ఎన్నింటికి స్వామీ?"