మంత్రిగారు చుట్టిన కండె

సముద్రపుటొడ్డున ఒకానొక రాజ్యాన్ని చండకేతుడనే రాజు ఏలేవాడు. ఏలడమంటే పొద్దున కిరీటం సవరించుకోవడం, సాయంత్రం పొగడ్తలు వినడం. తక్కిన పనులు మంత్రి గుణనిధి చూసుకునేవాడు.

ఆ మంత్రి ఓడల వర్తకులతో ఒప్పందం కుదుర్చుకొచ్చాడు. వాళ్ల బట్టకు మన రేవులో సుంకం ఉండదు. బదులుగా వాళ్లు మన పత్తి కొంటారు. ఇక్కడి మగ్గాలు మూసేసి నేతగాళ్లను రేవులో మూటలు మోసే పనికి మార్చాలి. దానికి ‘పరిశ్రమల పునర్వ్యవస్థీకరణ’ అని పేరు పెట్టాడు. ఇతరుల నోటికాడ కూడు లాగేసేటప్పుడు పేరు ఎంత పొడుగైతే అంత గౌరవం.

మగ్గాలు ఆగితే నేతవీధిలో పొయ్యి వెలగదు. అందుకే ఆ వీధి తరఫున పైడమ్మ సభకు వచ్చింది.

“మగ్గానికొక మనిషి. మూడు వందల మగ్గాలకు మూడు వందల మంది. అందరికీ రేవులో పని ఇస్తున్నాం. ఇంకేం కావాలమ్మా?” అన్నాడు మంత్రి.

“మరి నాడెలో పెట్టే గొట్టాలకు నూలు చుట్టి కండెలు చేసేవాళ్లు, పడుగు నూలుకు గంజి పట్టించేవాళ్లు ఎక్కడికి పోవాలి బాబూ? ఒక్కో మగ్గం వెనక ముగ్గురేసి ఆడవాళ్లం ఉన్నాం.”

“అదీ ఒక పనేనా?” రాజు మీసం దువ్వాడు. “ఇంట్లో కూర్చుని చేసేదేగా. బుద్ధున్నవాడు పూటలో నేర్చుకుంటాడు.”

“ఏలినవారి మాటే ఖాయం చేద్దాం. ఈ పూట మంత్రిగారు ఒక్క కండె చుడితే, వీధి వీధంతా రేపే మూటలు మోస్తాం. చుట్టలేకపోతే ఒప్పందం ఆపాలి.”

రాజు సరేనన్నాడు. రాట్నం తెచ్చారు. మంత్రి ఉంగరాల చేత్తో నూలు పట్టాడు. తెగింది. ముడేశాడు. మళ్లీ తెగింది. కాసేపటికి నూలంతా ఆయన హారాలకు చిక్కుకుంది, కండె మాత్రం ఖాళీ.

“లే, మందబుద్ధీ,” అని రాజే కూర్చున్నాడు. ఆయన ఏకంగా రాట్నం కదురే వంచేశాడు.

“తమ లెక్కలోకి రాని పని, తమ చేతికీ రాలేదు,” అంది పైడమ్మ. “పని చెయ్యనివాళ్లకే కదండీ, ఒప్పందాలు రాసే తీరిక.”

రాజు వేళ్లకు చుట్టుకున్న నూలు చూసుకుని పకపకా నవ్వాడు. ఒప్పందం ఆపించి, పైడమ్మకు బహుమానంగా పట్టుచీర తెప్పించాడు. ఆమె అంచు తిప్పి చూసింది. అదీ ఆ వర్తకుల ఓడలో దిగిన సరుకే.

“ఇది మంత్రిగారింటికి పంపండి. ఆ వర్తకులు మళ్లీ మాట్లాడ్డానికొస్తే, ఆ గదిలో నాకొక పీట వేయించండి చాలు.”

అదీ చమత్కారమే అనుకుని రాజు ఇంకోసారి నవ్వాడు. పైడమ్మ నవ్వలేదు. ఆ మాట రాతలో పెట్టించుకునేదాకా సభలోంచి కదల్లేదు.