చలవ్వకు గొంగడి కప్పిన ఐలవ్వ

ఎర్రంపేట దాటి మొక్కజొన్న చేల నడుమ నుండి పోయే మట్టిబాట చివర, చెట్టన్నది లేని నల్లని గుట్ట కనిపిస్తుంది. అదే చలవ్వ గుట్ట. పైన గుడి లేదు, గోపురం లేదు. ఉత్తరపు గాలికి ఎదురొడ్డి ఆడమనిషి ఎత్తున ఒక రాయి నిలిచి ఉంటుంది. నడివేసవిలో చెయ్యి ఆనించినా ఆ రాయి జివ్వుమంటుంది. ఈ తల్లికి పట్టుచీరలు కట్టరు. నల్లగొర్రె ఉన్నిని చేత వడికి, నేసిన గొంగడి ఒక్కటే కప్పుతారు. అమ్మ ఇక్కడ ఎలా వెలసిందో మా పెద్దల నోట విన్నట్లుగా భక్తులకు విన్నవిస్తున్నాము.

పూర్వం ఈ గుట్ట దిగువన కురుమల పల్లె ఉండేది. మగవారు మందలు కాసి గొంగళ్లు నేసేవారు. ఆడవారు ఉన్నిని ఏకి, కదురు తిప్పి నూలు తీసేవారు. వారిలో ఐలవ్వ అనే ఇల్లాలి చేయి మంచి చేయి. ఆమె వడికిన పోగు సన్నగా ఉండేది, కానీ తెగేది కాదు. ఆమె భర్త మైసయ్య మాట తక్కువ మనిషి. వారికి పుట్టిన బిడ్డలు దక్కలేదు. అందుచేత దొడ్డిలో ఈనిన ప్రతి గొర్రెపిల్లనూ ఐలవ్వ ఒడిలో పెట్టుకుని తుడిచేది, పేరు పెట్టి పిలిచేది.

గుట్టకు ఆవల మట్టికోటలో ఒక దొర ఉండేవాడు. ఒక ఏడు పొరుగు దొరతో అతనికి పోరు వచ్చింది. పుష్యమాసపు చలిలో దండు కదలాలి, బంట్లకు గొంగళ్లు కావాలి. మందలన్నిటికీ వెంటనే కత్తెర వేసి ఉన్ని కోటకు చేర్చాలని అతడు కబురు పంపాడు. శివరాత్రి వెళ్లి చలి తగ్గిన తరువాతనే కత్తెర పట్టడం కురుమలకు తరతరాల కట్టడి. ఆ మాట చెప్పబోయిన పెద్దమనిషిని కోట వాకిట కట్టేసి కొట్టారు.

ఆ మధ్యాహ్నం ఉన్ని ఏకుతూ ఏకుతూ ఐలవ్వ కునుకు తీసింది. కలలో ఒక నల్లని ఆడది కనిపించింది. ఒంటి మీద నూలుపోగు లేదు. రెండు చేతులూ రొమ్ముకు అదుముకుని గజగజ వణుకుతూ, "నా బట్ట గుంజకే బిడ్డా" అన్నది. ఐలవ్వ ఉలిక్కిపడి లేచి భర్త దగ్గరకు పరుగెత్తింది.

"ఇప్పుడు కత్తెర పెడితే మంద బతకదయ్యా. ఎవరో నల్లని తల్లి కలలకొచ్చి చెప్పింది."

మైసయ్య గోడకున్న కత్తెర అందుకున్నాడు. "పెట్టకపోతే మనం బతుకం. పెద్దాయన వీపు నువ్వు చూడలేదా?" అన్నాడు.

ఐలవ్వ చూసింది. ఆ వీపుకు పసుపు అద్దింది ఆమే. భర్త గొర్రెల కాళ్లు పట్టుకోగా తానే కత్తెర వేసింది. ఉన్ని ఊడిన గొర్రెలు ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడ్డాయి. వాటి కళ్లలోకి చూడడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

పల్లె చుట్టూ మేత అప్పటికే అయిపోయింది. మైసయ్య మందను గుట్ట మీదకు తోలుకుపోయాడు. ఆ సాయంత్రమే ఆకాశం మూసుకుపోయి ముసురు పట్టింది. ముసురు వెంట ఉత్తరపు గాలి లేచింది. పల్లెకూ గుట్టకూ నడుమనున్న వాగు పొంగి బాట తెగిపోయింది. ఐలవ్వ ఒడ్డున నిలబడి భర్తను పేరు పెట్టి పిలిచింది. భర్తను పేరుతో పిలవడం ఆమెకు అదే మొదటిసారి. గాలి హోరులో జవాబేదీ వినరాలేదు.

వాగు తగ్గిన తరువాత పల్లెవారు గుట్ట ఎక్కారు. మందంతా ఒక్కచోట కుప్పగా పడి బిగుసుకుపోయి ఉంది. ఆ కుప్పకు గాలి వచ్చే వైపున మైసయ్య గోచితో కూర్చుని ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, ప్రాణం లేదు. అతని గొంగడి ముందు పరిచి ఉంది. ఐలవ్వ దాని అంచు ఎత్తింది. కింద ఆ వారం ఈనిన పిల్లలు వెచ్చగా, ఆకలితో అరుస్తూ కదిలాయి.

శవాన్ని లేవదీసినప్పుడు అతను వీపు ఆనించిన రాయి రూపు బయటపడింది. నల్లని రాయి, రెండు చేతులూ రొమ్ముకు అదుముకున్న ఆడమనిషి తీరు. ఐలవ్వ దాని పాదాల దగ్గర కూలబడింది. "కత్తెర పట్టింది నేనే తల్లీ" అని తల బాదుకుని ఏడ్చింది. ఆ తరువాత పల్లెలో ఎవరూ ఆమె కంట నీరు చూడలేదు.

ఉన్ని కోసం కోట బంట్లు వచ్చారు. ఐలవ్వ మూటలు తానే తెచ్చి వారి ముందు పడేసింది. "తీస్కపోండ్రి. సచ్చినోళ్ల బట్ట ఇది. కప్పుకున్నోనికి చలి ఆగదు" అన్నది. బంట్లు నవ్వి మోసుకుపోయారు.

ఆ ఉన్నితో నేసిన మొదటి గొంగడిని దొర కప్పుకున్నాడు. నాటి నుండి అతనికి వణుకు పుట్టింది. మంట ముందు కూర్చోబెట్టినా తగ్గలేదు, వైద్యులు లేపనాలు పూసినా తగ్గలేదు. దండు కదలలేదు. బంట్లు ఐలవ్వ అన్న మాట చెప్పగా, చివరకు పల్లకిలో గుట్ట ఎక్కి వచ్చాడు. ఐలవ్వ రాయి పక్కన కూర్చుని, దొడ్డి కంపకు చిక్కుకుని మిగిలిన ఉన్ని పీచులు ఏరి తెచ్చి వడుకుతున్నది.

"అవ్వా, నీ మాట వెనక్కి తీసుకో" అన్నాడు దొర పళ్లు టకటకలాడుతుండగా.

ఆమె కదురు ఆపలేదు. "నా మొగని చలి ఎవరు తీసిండ్రు దొరా? నీ చలి తీసుడు నా చేతుల లేదు. ఇంకొకరికి ఈ చలి రాకుండ చేసుడు నీ చేతుల ఉన్నది."

చలి మాసాలలో ఈ సీమలో గొర్రెకు కత్తెర తగలరాదని దొర అక్కడే ఆన పెట్టాడు. అయినా అతని వణుకు పోలేదు. మాఘం నిండకముందే చనిపోయాడు. ఐలవ్వ గొంగడి పూర్తి చేసి రాతికి కప్పింది. ఆ రాత్రి తల్లి కలలోకి వచ్చి ఆమె పక్కన పడుకున్నదని, వణకలేదని చెబుతారు. తల్లిలేని గొర్రెపిల్లలకు మేకపాలు పట్టి ఐలవ్వ మళ్లీ మందను నిలబెట్టింది. ఒంటరిగానే ముసలిదై, ఈ గుట్ట మీదనే కన్నుమూసింది.

చుట్టుపక్కల ఊళ్లలో నేటికీ పుష్యమాసంలో కత్తెర పట్టరు. పుష్య అమావాస్యనాడు కురుమల ఆడపడుచులు ఇక్కడ కూర్చుని నూలు వడుకుతారు. ఆ నూలుతో నేసిన కొత్త గొంగడిని అమ్మకు కప్పుతారు. ఇక్కడ మొక్కుకున్నవారి మందలకు తెగులు సోకదని, పసిపిల్లల చలిజ్వరాలు దిగిపోతాయని భక్తుల విశ్వాసం.

జాతరకు వచ్చే భక్తులకు మనవి: స్వెటర్లు, శాలువాలు గుట్ట కింది పందిట్లో విప్పి ఉంచి పైకి రావాలి. ఎంత పెద్దవారైనా అమ్మ ముందు కొంతసేపు ఆ గాలిలో నిలబడవలసిందే. పసిబిడ్డలకు, బాలింతలకు, ముసలివారికి ఈ నియమం లేదు. వారికి కప్పడానికే అమ్మ దగ్గర పాత గొంగళ్లు మడత పెట్టి ఉంటాయి.