రాజుగారి ఉపన్యాసానికి కూలిన సూఫ్లే

గోదారి సముద్రంలో కలిసేచోట, యానానికి కూతవేటు దూరాన, ఒకానొక రాజ్యం. రాజుగారు వీరభూపతి కత్తి పట్టింది లేదు, నిఘంటువు వదిలింది లేదు. ఆయన భోజనశాలలో ఓ ఆచారం: కొత్త వంటకం వస్తే, దాని పేరు ఎక్కడ పుట్టిందో రాజుగారు సెలవిచ్చేదాకా ఎవరూ ముట్టకూడదు. ఈలోగా అన్నం చల్లారేది, నెయ్యి గడ్డకట్టేది, సభికులు గుటకలు మింగేవారు.

ఆ రోజు కొత్త వంటకం వంటలక్క పేరిందేవిది. యానాంలో ఫ్రెంచి దొర వంటింట్లో పదేళ్లు గరిటె తిప్పి నేర్చిన తీపిని మొదటిసారి ఇక్కడ చేసింది. తెల్లసొన నురగలొచ్చేలా గిలక్కొట్టి, చక్కెర కలిపి, మూత మీద కూడా నిప్పులేసి కాల్చింది. గిన్నె అంచు దాటి బెత్తెడు పొంగింది! అలాగే తెచ్చి రాజుగారి ముందు పెట్టింది.

"పేరేమిటే?"

"సూఫ్లే, మహాప్రభో. వేడి మీదే తినాలి."

"ఆగు! సూఫ్లే... ఇంకేం, మన సుఫలమే! మంచి పండు! దొరలు మన దగ్గర ఎత్తుకెళ్లారు!"

సభంతా ఆహా అంది. పేరిందేవికి ఒళ్లు మండింది.

"కాదండి. వాళ్ల భాషలో 'ఊపిరి ఊదింది' అని అర్థం. దొరసానే చెప్పింది."

రాజుగారు పీట మీద చరిచారు.

"గరిటె పట్టేదానివి, నాకే అర్థాలు చెబుతావా? రుజువు చెయ్యి. లేదా పొద్దువాలేలోగా పొలిమేర దాటు!"

వెళ్తే పొయ్యీ పోతుంది, పొట్టా పోతుంది. అయినా ఆమె గిన్నెకేసి చూసి కొంగు బిగించింది.

"రుజువు గిన్నెలోనే ఉంది. ముందు ఏలినవారు సుఫలం సంగతి పూర్తిగా సెలవియ్యండి. తొందరేం లేదు. చూపు మాత్రం గిన్నె మీంచి తిప్పకండి."

తొందర లేదంటే రాజుగారు ఊరుకుంటారా? పండ్లలో రకాలన్నీ ఏకరువు పెట్టారు. మామిడి దగ్గరికొచ్చేసరికి సూఫ్లే తుస్సుమంది. దిగింది, దిగింది, అడుగున చాపలా పరుచుకుంది.

"అయ్యయ్యో, పోయిందే!" రాజుగారు పీట మీంచి లేచారు.

"ఏం పోయింది ప్రభూ?"

"లోపలి ఊపిరే..." అనేసి నాలుక్కరుచుకున్నారు.

"పండైతే ఇంతసేపటికి ఇంకా మగ్గి తీపెక్కేది. ఊపిరి కాబట్టి ఏలినవారి ఉపన్యాసానికి ఆగలేకపోయింది!"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. కంకణం ఊడదీసి ఆమె చేతికి తొడిగారు.

"రెండోది నిప్పుల మీదుంది, తేనా?"

"పరుగెత్తు! ఇకమీదట తిండి ముందు, అర్థం తర్వాత!"

ఆ పూట నుంచి ఆ రాజ్యంలో సభికులకు వేడన్నం దక్కింది.