బావితో సహా యంత్రం

వానలు సరిగా పడని ఒకానొక మెట్ట రాజ్యాన్ని చండకేతు మహారాజు ఏలేవాడు. ఆయనకు తన మల్లెతోట అంటే ప్రాణం. తన నోటి మాట అంటే అంతకన్నా ప్రాణం. అన్నమాటను విడమరచి చెప్పమంటే చాలు, ఆయనకు ఎక్కడలేని కోపం ముంచుకొచ్చేది.

ఆ తోటకు నీళ్ళు పెట్టడానికి వీరాచారి అనే ముసలి వడ్రంగి ఒక యంత్రం చేశాడు. ఎద్దులు తిరుగుతుంటే చక్రం తిరిగేది, దానికి కట్టిన కుండలు బావిలోంచి నీళ్ళు తోడి కాలువలో పోసేవి. ఒడంబడిక రాసే పని ఆస్థాన రాయసగాడు పేరన్న మీద పడింది.

"మహాప్రభూ! యంత్రం అంటే ఏమేమిటో ముందుగా రాసుకుందామా?" అని అడిగాడు పేరన్న.

"యంత్రమంటే యంత్రమే! పసిపిల్లలకు కూడా తెలుసు. నాకు నేర్పుతావా? చెప్పింది రాయి," అన్నాడు రాజు.

పేరన్న చెప్పింది చెప్పినట్టే రాశాడు. షరతులు రెండే. యంత్రం ఒక్కరోజు ఆగినా వీరాచారి పనిముట్లు రాజుపరమవుతాయి, అతను దేశం విడిచి పోవాలి. ఒడంబడిక రద్దయితే యంత్రాన్ని వీరాచారి తన వెంట తీసుకుపోవచ్చు.

రెండేళ్ళు బాగానే నడిచింది. మూడో ఏడు రాజుగారి పుట్టినరోజు ఊరేగింపుకు తోటలోని ఎద్దులను తోలుకుపోయారు. కొమ్ములకు బంగారు తొడుగులు వేసి, మిట్టమధ్యాహ్నం ఊరంతా తిప్పారు. అవి కుంటుతూ వచ్చి కొట్టంలో చతికిలబడ్డాయి. రెండు రోజులు చక్రం కదల్లేదు. మల్లెలు వాడిపోయాయి.

రాజు మండిపడి వీరాచారిని సభకు పిలిపించాడు. భటులు అతని ఉలులు, బాడిసెలు, రంపాలు మూటకట్టి తెచ్చి నేలమీద పడేశారు. అవి అతని తాతల నాటివి. పాపం, ముసలాయన ఆ మూటవంకే చూస్తూ నిలబడ్డాడు.

"ఏలినవారు మన్నించాలి. చక్రంలో లోపమేమీ లేదు. ఆగింది ఎద్దులండీ," అన్నాడు.

"ఎద్దులు వేరూ, యంత్రం వేరూనా?" అని గద్దించాడు రాజు.

పేరన్న గంటం పట్టుకుని లేచాడు. "ప్రభూ, ఆ మాటే రాసి ముద్ర వేయించండి. ఇక పేచీ ఉండదు."

"రాయి! చక్రం, కుండలు, తాళ్ళు, ఎద్దులు, బావి, కాలువ, ఆ నీళ్ళు తాగే తోట, అన్నీ కలిస్తేనే యంత్రం. వీటన్నిటినీ నడిపించేది నా ఆజ్ఞ. అది కూడా రాయి!"

ముద్ర పడింది. పేరన్న ఆ తాటాకును కళ్ళకద్దుకుని భటులవైపు తిరిగాడు. "నలభై బండ్లు కట్టించండి. వీరాచారిగారు ప్రయాణమవుతున్నారు."

"బండ్లెందుకు?" అన్నాడు రాజు.

"రెండో షరతు ప్రభూ. ఆయన్ను దేశం దాటిస్తే ఒడంబడిక రద్దయినట్టే. ఇక యంత్రం ఆయన వెంట పోవాలి కదా! ఎద్దులు కాస్త కోలుకుంటే నడిచిపోతాయి. తోటను పెళ్ళగించి బండ్లకెక్కిస్తాం. బావి దగ్గరే కొంచెం ఆలస్యమవుతుంది. ఇంకొక్క మనవి. తమ ఆజ్ఞ కూడా యంత్రంలోదే కనుక అదీ ఆయనతోనే పోతుంది. రేపటినుంచి దండోరా ఎవరి పేర వేయించాలో సెలవివ్వండి."

రాజు తన ముద్రవంక కాసేపు చూసుకున్నాడు. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"కొట్టెయ్యి, అదంతా కొట్టెయ్యి! యంత్రమంటే చక్రం, కుండలు, తాళ్ళు. అంతే!"

"అవి ఆగిపోయాయా ప్రభూ?"

"లేదయ్యా. నేను ఊరేగించిన ఎద్దులు ఆగిపోయాయి," అని రాజు సింహాసనం దిగి, పనిముట్ల మూటను స్వయంగా వీరాచారి చేతుల్లో పెట్టాడు. ముసలాయనకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"పేరన్నా, నీకొక గుర్రం బహుమానం!" అన్నాడు రాజు.

పేరన్న దండం పెట్టి, అక్కడే చతికిలబడి కొత్త తాటాకు తీశాడు.

"ఏం రాస్తున్నావయ్యా?"

"గుర్రం అంటే జీను, కళ్ళెం, ఏటేటా గడ్డి, రోజూ గుగ్గిళ్ళు..."

"రాసుకో, రాసుకో," అన్నాడు రాజు నవ్వాపుకోలేక. "నా ఆజ్ఞ ఒక్కటి మాత్రం అందులో కలపకు!"