మూడు సెకన్ల పప్పు డేగిసా

పరాంకుశం గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. నలభై ఏళ్లు సినిమాలు కత్తిరించిన ఎడిటరు. ఆ ఊపులో తన మాటలను కూడా కత్తిరించి పారేశారేమోనని శిష్యులకు అనుమానం.

ఆ రోజు అడిగింది శిష్యురాలు నీలవేణి. 'శిఖరం 4012' అనే మిలిటరీ సినిమాకు ట్రైలర్ కట్ చేసింది ఆ పిల్లే. ట్రైలర్ నిండా మంచు, మందుగుండు, బంకర్లు, తల్లికి రాసిన ఉత్తరం. చూసినవాళ్లు ఒళ్లు గగుర్పొడిచిందన్నారు. సినిమా వచ్చాక అదే నోటితో ట్రైలర్‌ను తిట్టిపోశారు.

"సినిమా చెత్తగా తీసింది వాళ్లు. ట్రైలర్ బాగా కట్ చేయడం నా తప్పా, గురువుగారూ?" అని ఆమె రోషంగా అడిగింది. ఆయన చెప్పులు వేసుకుని ఆమెను ఆ సినిమా మ్యాట్నీకే తీసుకెళ్లారు.

హాల్లో సగం కుర్చీలు ఖాళీ. వీళ్ల ముందు వరుసలో మాత్రం ఒకే కుటుంబం, పదకొండు మంది. నడుమ మీసం మెలేసిన పెద్దాయన, ఇస్త్రీ చొక్కా మీద పతకం. పేరు గంగులయ్య. సైన్యంలో ఇరవై నాలుగేళ్లు వంట చేసి వచ్చాడని అల్లుడి వేళాకోళం వల్ల హాలంతటికీ తెలిసిపోయింది.

"మామా, యుద్ధంలో నువ్వు ఉప్పు చూశావా, కారం చూశావా?"

"ఇంకాసేపట్లో మీరే చూస్తారు. నేను చేసిన పనే ఇందులో తీసినారు. ఒక వంటోడు పప్పు డేగిసా వీపుకు కట్టుకుని, గుండ్లు పడతా ఉంటే మంచులో పాక్కుంటా పోతాడు. ఫోన్లో చూసినా. అందుకే మీ అందరినీ తెచ్చినా."

నీలవేణి కుర్చీలో కుంచించుకుపోయింది. ఆ షాట్ మూడు సెకన్లు. దర్శకుడు సినిమాలోంచి తీసిపారేసిన ముక్క. వదల్లేక తనే ఏరి ట్రైలర్లో పెట్టింది.

సినిమాలో హీరో సెలవు మీద ఇంటికొచ్చాడు. రాగానే మరదలి పెళ్లి, నలుగు, మెహందీ, సంగీత్. "సెలవు అయిపోనీ, వస్తాది" అన్నాడు గంగులయ్య. ఇంటర్వెల్ దాకా సెలవు అయిపోలేదు. తర్వాత పెళ్లికూతురు అలిగింది. "అలక తీరితే ఇంక యుద్ధమే" అని అందరికీ సర్దిచెప్పాడు. యుద్ధం మొదలవడం, ముగియడం రెండూ హీరో తండ్రి ఫోన్లో విన్నాడు. పేర్లు పడ్డాయి.

అందరూ లేచినా గంగులయ్య లేవలేదు. "పేర్ల తర్వాత వేస్తారేమో" అన్నాడు.

"వచ్చి పోయాడుగా మామా! పెళ్లిలో దప్పళం గరిటె తిప్పినోడు నువ్వే కదా?" అన్నాడు అల్లుడు. అందరూ పగలబడి నవ్వారు. ఆయన భార్య కూడా నవ్వింది. ఆ ఒక్క నవ్వుకే ఆయన తల దించుకున్నాడు.

నీలవేణి ఫోన్ పట్టుకుని వాళ్ల ముందుకు పరుగెత్తింది. "ఉందండీ, ఆ షాట్ నిజంగానే ఉంది" అంటూ ట్రైలర్ పెట్టి చూపించింది. అందరూ మూగారు. ముసలావిడ మళ్లీ వేయమంది. రెండోసారి చూసి మొగుడి వీపు వంక చూసింది.

"ఇందులో బంకర్లూ ఉన్నాయి, ఉత్తరమూ ఉంది. ఒక్కటైనా సినిమాలో ఉందా? ఇదీ ఆ బాపతే. పదత్తా, బస్సు పోతుంది" అన్నాడు అల్లుడు. నిజమే కదా అనుకుని ఆవిడ ఫోన్ తిరిగిచ్చి కదిలింది.

గంగులయ్య ఆఖరున లేచాడు. "నిజంగానే మోసినానమ్మా. పప్పు వేడిగానే చేరింది" అని నీలవేణితో మెల్లగా చెప్పి వాళ్ల వెనకాలే వెళ్లిపోయాడు.

బయటికొచ్చాక ఆమెకు ఏడుపు ఆగలేదు. "గురువుగారూ, ఆ ట్రైలర్ మొత్తంలో నిజం అదొక్కటేనండీ!"

"అవునమ్మా," అన్నారు పరాంకుశం గారు. "మరి దాన్ని ఎవరి మధ్య కూర్చోబెట్టావు?"